పదకొండు మీటర్ల ఖాళీ

“గోడకు గోడ, గడపకు గడప. ఇక్కడ మీ పక్కింట్లో ఎవరున్నారో, కొత్త ఊళ్ళోనూ మీ పక్కింట్లో వాళ్ళే ఉంటారు. ఇది నా మాట కాదమ్మా, ప్రభుత్వం మాట.”

ఏటిగడ్డపల్లె బడి ముందు, జీపు మీద ఒక చెయ్యి ఆనించి, ఒక పెద్ద అధికారి ఈ మాట అన్నాడు. నేనప్పుడు ఒకటో తరగతి. ఊరంతా చప్పట్లు కొట్టింది. మా అమ్మ కూడా కొట్టింది.

తర్వాత ఆనకట్ట గేట్లు దించారు. ఊరి మీదికి నీళ్ళొచ్చాయి. కొత్త ఇళ్ళు ఎవరికేది అన్నది ఒక ప్లాస్టిక్ బిందెలో చీటీలు వేసి తీశారు. ఒకే గోడకు అటూ ఇటూ బతికిన రెండు కుటుంబాల్లో ఒకటి ఈ కాలనీకి వచ్చింది, ఇంకొకటి మూడు గంటల బస్సు దూరంలో ఉన్న కాలనీకి పోయింది. ఒక ఊరిని ముక్కలు చేయడానికి కత్తి అక్కర్లేదు. ప్లాస్టిక్ బిందె చాలు.

మా అమ్మ ఈ కాలనీలోనే పోయింది. చివరిదాకా పక్కింటివాళ్ళను “వీళ్ళు” అనే అంది. పేరు పెట్టి పిలవలేదు.

ఈ సంవత్సరం కొండ కింద కొంత ప్రభుత్వ భూమి ఖాళీగా ఉందని తెలిసింది. పాత ఊరి వరుసలోనే అక్కడ ఇళ్ళివ్వమని మళ్ళీ అడిగాం. పునరావాస ఆఫీసుకు కొత్తగా వచ్చిన అధికారి మర్యాదగానే మాట్లాడాడు.

“మీ ఊళ్ళో ఎవరి పక్కన ఎవరుండేవాళ్ళో చూపించే నక్ష ఏదైనా ఉందా? అది తెండి, చూద్దాం.”

అలాంటి నక్ష ఎక్కడా లేదు. పొలాలకైతే ప్రతి గట్టుకూ కొలత ఉంటుంది. ఊరున్న చోటును మాత్రం గ్రామకంఠం అని రాసి, చుట్టూ ఒక గీత గీసి వదిలేస్తారు. లోపల ఏ ఇల్లు ఎక్కడుందో రాయరు. పన్ను పండేది పొలంలో కదా, మనుషుల్లో కాదు.

“నేనే గీస్తాను,” అన్నాను.

అప్పటికి నేను దస్తగిరి సార్ దగ్గర భూమి కొలవడం నేర్చుకుంటున్నాను. ఆయన సర్వే శాఖలో చేసి దిగిపోయినవాడు. మా మండల కేంద్రంలో ఒక రేకుల షెడ్డు అద్దెకు తీసుకుని మాలాంటి కొద్దిమందికి పని నేర్పుతున్నాడు. ప్రశ్న అడిగితే జవాబు చెప్పడు. తాగుతున్న టీ పూర్తి చేస్తాడు. చెప్పులేసుకుంటాడు. “రా” అంటాడు. అంతే.

ఆయనకు చెప్పకుండానే మొదలుపెట్టాను. ఈ పనిలో ప్రజలే గురువులు అనుకున్నాను. రెండు కాలనీలూ తిరిగాను. ప్రతి ఇంట్లోనూ ఒకటే అడిగాను: మీ గడప నుంచి పక్కింటి గడపకు ఎన్ని అడుగులు, ఎటు తిరగాలి?

ముసలివాళ్ళు కళ్ళు మూసుకుని నడిచి చూపించారు. ఒక తాత కాలనీ సిమెంటు రోడ్డు మీద నడుస్తూ నడుస్తూ, అక్కడ లేని గేదెను తప్పించుకోవడానికి పక్కకు జరిగాడు. ఒక అవ్వ సగం దూరం పోయి ఆగిపోయింది. “ఈడ బురద ఉంటాది నాయనా,” అంది. ఎండకు పగుళ్ళిచ్చిన రోడ్డు అది.

మా ఇంటి నుంచి మొదలుపెట్టాను. అది నాకు బాగా తెలుసు కాబట్టి. మా గడప నుంచి మంచినీళ్ళ బావికి నలభై అడుగులు. రోజూ అమ్మ వెనకే లెక్కపెట్టుకుంటూ పోయేవాణ్ణి. నేను అంకెలు నేర్చుకున్నదే ఆ దారిలో. బావి నుంచి పడమటి వీధి ఇళ్ళను ఒకదాని పక్కన ఒకటి పేర్చుకుంటూ పోయాను. మా ఇంటికి రెండో పక్క నుంచి తూర్పు వీధిని పేర్చాను. రెండు వీధులూ గుండ్రంగా తిరిగి, ఊరికి ఉత్తరాన కలవాలి. పడమటి వీధిలో చివరి ఇల్లు ఓబులమ్మది. తూర్పు వీధిలో చివరి ఇల్లు గురివమ్మది. ఆ ఇద్దరికీ మధ్య ఒకటే గోడ.

కలవలేదు. ఇద్దరి ఇళ్ళ మధ్యా పదకొండు మీటర్ల ఖాళీ మిగిలింది.

గురివమ్మ మా కాలనీలోనే ఉంటుంది. ఓబులమ్మను దూరపు కాలనీ నుంచి పిలిపించాను. చాన్నాళ్ళకు కలిశారు. ఒకరి చెయ్యి ఒకరు పట్టుకునే నేను గీసిన బొమ్మ మీదికి వంగారు.

“ఇదేం ఖాళీ? మన మజ్జెన ఇంకో ఇల్లుండెనా ఏంది?” అంది ఓబులమ్మ.

“నీ కొట్టం కొలత తగ్గిచ్చి చెప్పింటావు. నీకు ఏదీ పూర్తిగా చెప్పే అలవాటు మొదట్నుంచీ లేదు.”

“నాదేం తగ్గలా. నీ ఇల్లే తరిగిపోయింటాది, నీ పెరుగు గిన్నె మాదిరి.”

“ఆ పెరుగు తినే నీ బిడ్డలు పెద్దోళ్ళయినారు.”

“గోడ మీద పెడితే తిన్యారు. నీ ఇంటికొచ్చి అడుక్కున్యారా?”

చేతులు ఎప్పుడు విడిపోయాయో నేను చూడలేదు. ఓబులమ్మ గురివమ్మ ఇంట్లో అన్నం తినకుండానే బస్సెక్కింది. బస్సు కదిలేదాకా గురివమ్మ వాకిట్లోనే నిలబడింది కానీ, దగ్గరికి పోలేదు.

ఆనకట్ట ఆ ఇద్దరినీ దూరం చేసింది. నా బొమ్మ విడదీసింది.

షీటు చుట్టుకుని షెడ్డుకు పోయాను. దారి పొడుగునా ఒక ఉపాయం ఆలోచించాను. ముందు ఆ ఇద్దరి పోట్లాట సార్‌కు చెప్పాను.

“సార్, ఈ పదకొండు మీటర్లనీ ఇళ్ళన్నిటికీ పంచేస్తాను. నూట ఇరవై ఇళ్ళు. ఇంటికి పది సెంటీమీటర్లు కూడా రాదు. ఎవరికీ నష్టం లేదు. సమాన బాధ్యత. అందరి భారం అందరూ మోయాలి.”

సార్ షీటును బల్ల మీద పరిచాడు. ఎగిరిపోకుండా మూలల మీద ఖాళీ టీ గ్లాసులు పెట్టాడు.

“ఆ మాట నీదా, గోడ మీద చదివిందా?”

“ఎవరిదైతే ఏం సార్. నిజమే కదా.”

“చిన్న తేడా అయితే పంచుకుంటారు కేశవా. పెద్ద తేడాను పంచరు. వెతుకుతారు.”

“ఎక్కడని వెతకను? నూట ఇరవై ఇళ్ళ జ్ఞాపకాలివి. ఎవరిది తప్పో నాకెట్ల తెలుస్తుంది? ఈ ఖాళీతో ఆఫీసుకు పోతే, మీ ఊరే మీకు తెలీదంటాడు ఆయన. అంతటితో అయిపోతుంది. ఇంకోసారి ఎవరూ మమ్మల్ని లోపలికి కూడా రానివ్వరు.”

ఆయన బొమ్మలో ఒక గడప మీద వేలు పెట్టాడు.

“ఇదెవరిది?”

“మాది.”

“ఈడ మొదలుపెట్టినావా?”

“అవును.”

“ఊరి బయట దేన్నీ పట్టుకోలా?”

“ఊరి బయట మాదేముంది సార్?”

టీ పూర్తి చేశాడు. చెప్పులేసుకున్నాడు.

“ఆ ఆడోళ్ళిద్దర్నీ పిలిపించు. రా.”

ఆ ఇద్దరూ వచ్చిన రోజు సార్ వెంట బోడిగుట్ట ఎక్కాను. అక్కడ నడుమెత్తు సిమెంటు దిమ్మె ఒకటుంది. ఒకప్పుడు సున్నం కొట్టేవాళ్ళు. మా ఊళ్ళో దాన్ని తెల్లరాయి అనేవాళ్ళు. సర్వేవాళ్ళు దాన్ని కంట్రోల్ పాయింటు అంటారు. అది భూమ్మీద సరిగ్గా ఏ చోటుందో ముందే తేల్చి ఉంటుంది. మిగతా అన్నిటి చోటూ దాన్నుంచే లెక్క కడతారు. ఆనకట్టయినా, కాలువైనా, రోడ్డయినా, మొదటి పార పడకముందే ఇలాంటి రాళ్ళు పాతుతారు. మా చుట్టూ మూడున్నాయి. ఒకటి ఈ బోడిగుట్ట మీద. వెనక ఎత్తుగా ఉన్న గద్దకొండ మీద ఒకటి. పక్కన నామాలమిట్ట మీద ఒకటి.

కింద జలాశయం. వేసవికి బాగా తగ్గి ఉంది. ఊరి మీద ఇప్పుడు రెండు నిలువుల నీళ్ళు ఉంటాయేమో. అయినా ఏమీ కనపడదు. ఏటా ఈ రోజుల్లో మావాళ్ళు గట్టు మీదికొచ్చి, నీళ్ళకేసి చెయ్యి చూపించి, అదిగో మా ఇల్లు అంటారు. ప్రతివాళ్ళూ ఒక్కో వైపు చూపిస్తారు.

నేను దిమ్మెను చూస్తూ నిలబడ్డాను.

“ఇవే సార్ మమ్మల్ని ముంచినవి. ఆనకట్ట కంటే ముందు ఇవి వచ్చాయి. రాజ్యం మా గుండెల మీద కొట్టిన మొదటి మేకు ఇది.”

“ఊఁ,” అన్నాడు సార్. కిందికి వంగి, కండువాతో దిమ్మె మీది మట్టి తుడిచాడు. మధ్యలో ఇత్తడి చుక్క బయటపడింది. “పాతింది నేనే.”

ఇన్నాళ్ళూ వాటిని పాతింది ఎవరో తెలియని మనిషి అనుకున్నాను. కోపం తెచ్చుకోవడానికి ముఖం లేని మనిషైతే సులువు.

“రాయికి ముంచేది తెలీదు, తేల్చేది తెలీదు,” అన్నాడు. “కదలకుండా ఉండేదొకటే తెలుసు. యంత్రం నిలబెట్టు.”

దూరమూ దిక్కూ కొలిచే యంత్రాన్ని రాయి మీద, ఇత్తడి చుక్కకు సరిగ్గా పైన నిలబెట్టాను. ఆయన వెదురు కర్రల కట్ట భుజాన వేసుకున్నాడు. ఒక పొడుగాటి కర్ర చివర, యంత్రానికి వెలుగు తిప్పి పంపే అద్దం కట్టుకున్నాడు.

“నేను కింద నీళ్ళ మీద, పుట్టిలో ఆడోళ్ళతో ఉంటా. కర్ర పాతి అద్దం పట్టుకుంటా. నువ్వు ఈడ్నుంచి రీడింగు కొట్టు.”

“నేను కూడా వస్తాను సార్. యంత్రం దగ్గర ఇంకెవరినైనా పెడదాం. నేనింతవరకూ మా ఊరి మీదికి పోలేదు. గట్టు దాకానే.”

“అందుకే ఈడుండు.”

రెండడుగులు దిగి ఆగాడు.

“ముందు గద్దకొండ రాయిని చూడు. తర్వాత నామాలమిట్ట రాయి లెక్క ప్రకారం ఉండాల్సిన చోట ఉందో లేదో చూడు. ఉంటేనే నాకు ఫోన్ చెయ్.”

“ఇన్నేళ్ళు కదలని రాళ్ళు సార్. ఆడోళ్ళు ఎండలో కూర్చోనుంటారు. టైం వృథా.”

“ఆఫీసరు మాటను అడక్కుండా నమ్మిరి మీ ఊళ్ళో. రాయినైనా అడుగు.”

దిగిపోయాడు.

అడిగాను. గద్దకొండ రాయిని యంత్రం దూరదర్శినిలో పట్టుకున్నాను. అక్కణ్ణుంచి లెక్క చెప్పినంత కోణం తిప్పాను. నామాలమిట్ట రాయి దూరదర్శిని గీతల మధ్యకు తనంతట తనే వచ్చి కూర్చుంది. ఈ దేశంలో ఉండాల్సిన చోట ఉన్న ఒక వస్తువును అంత దగ్గరగా చూడటం నాకు అదే మొదలు.

ఫోన్ చేశాను. సార్ ఫోన్ తీసి, కట్టెయ్యకుండా చొక్కా జేబులో పెట్టుకున్నాడు. దూరదర్శినిలో వాళ్ళు అరచేతి దూరంలో ఉన్నట్టున్నారు. మాటలు మాత్రం జేబులోంచి, గుడ్డ కింద నుంచి వచ్చినట్టు వస్తున్నాయి. గుండ్రటి పుట్టిలో గురివమ్మా ఓబులమ్మా వీపుకు వీపు పెట్టి కూర్చున్నారు. పుట్టి నడిపే మనిషి తెడ్డుతో నీళ్ళను తన వైపు లాక్కుంటున్నాడు.

“అమ్మా, అడుగులొద్దు,” అంటున్నాడు సార్. “మీ గడపలో కూచుంటే తెల్లరాయి ఎట్ల కనపడేది?”

తెడ్డు ఆగింది.

“గద్దకొండకు పైన ఒక సందుంటాదే,” అంది గురివమ్మ. “ఆ సందులో సరిగ్గా మజ్జెన ఉండేది బోడిగుట్ట రాయి. ముక్కుపుడక మాదిరి.”

“ఇంకా?”

“ఎడం చేతి పక్క, నామాలమిట్ట ఎనక జంటబండలుండాయి. మా గడపలోకి ఒకటే అగపడేది. రెండోది మిట్ట ఎనక దాసుకునేది.”

“నాకు రెండూ అగపడేవి,” అంది ఓబులమ్మ, అటు తిరక్కుండానే. “రెండోది రోంతే. పిల్లోడు తలుపు సాటు నుంచి సూసినట్ల.”

“పోదాం పద,” అన్నాడు సార్ పుట్టి మనిషితో.

నాకు అనుమానం వచ్చింది. ఫోన్లో గట్టిగా అన్నాను. “సార్, వాళ్ళిప్పుడు ఇంటి మిద్దె కంటే ఎత్తులో ఉన్నారు. అప్పటి చూపు, ఇప్పటి చూపు ఒకటెట్ల అవుతుంది?”

“ఎత్తు మారింది. దిక్కు మారలా.”

పుట్టి మెల్లగా పోతోంది. గురివమ్మ నుదుటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నేనున్న వైపే చూస్తోంది. నన్ను కాదు, రాయిని.

“ఇట్ల నాయనా... ఇంకా... ఎక్కువైపాయ, రెండో బండ వచ్చేసింది... ఎనక్కు... రోంత...”

మాట ఆగిపోయింది. ఆమె పెదాలు కదులుతూనే ఉన్నాయి కానీ, ఏమీ వినపడలేదు. పుట్టి అంచు పట్టుకుని, కూర్చున్న చోటే కాస్త సర్దుకుని, ఒక కాలు చాపి, ఇంకో కాలు ముడుచుకుంది. పని ముగించుకున్న ఆడవాళ్ళు గడపలో కూర్చున్నట్టు.

సార్ కర్ర దింపాడు. అది మట్టిని తాకి, దిగి, నిలబడింది.

“కొట్టు.”

కొట్టాను. అంకెలు వచ్చాయి.

పుట్టి పక్కకు జరిగింది. ఈసారి ఓబులమ్మ ఇటు తిరిగింది. చెయ్యి ఎత్తి ఉంచింది. ఒక చోట దించింది. సార్ రెండో కర్ర పాతాడు. కొట్టాను. రెండు కర్రల మధ్య దూరం లెక్క కట్టాను. ఒక ఇంటి వెడల్పు. అంతే. మధ్యలో ఏ ఖాళీ లేదు.

“ఎంత వచ్చింది అబ్బోడా?” అని జేబులోంచి గురివమ్మ గొంతు.

“మీ ఇద్దరివీ కలిసిపోయాయి పెద్దమ్మా. గోడ ఒకటే.”

“సూస్తివా. నా కొట్టం యాడికీ పోలా,” అంది ఓబులమ్మ.

“నీళ్ళల్లో ఉండేదానికి మాటలేం తక్కువ లేవు,” అంది గురివమ్మ.

వీపులు ఇంక ఆనుకుని లేవు. ఇద్దరూ ఒకే వైపు తిరిగి కూర్చున్నారు. బావి దగ్గర నిలబడితే ఏది ఎట్లా కనపడేదో ఇద్దరికీ తెలుసు. అక్కడ ఒకరి మాట మీద ఒకరు పడ్డారు గానీ, పోట్లాడుకోలేదు. బావికి ఒక కర్ర పాతారు. తర్వాత పుట్టి అక్కడే గుండ్రంగా తిరుగుతూ ఉండిపోయింది. ఇద్దరూ తలలు దగ్గర పెట్టి ఏదో మాట్లాడుకున్నారు. సార్ వింటున్నాడు. నాకు వినపడలేదు. పుట్టి బావి నుంచి తూర్పుకు కదిలింది. గురివమ్మ మళ్ళీ నుదుటికి చెయ్యి పెట్టింది.

కర్ర దిగింది.

“కొట్టు.”

“ఎవరిల్లు సార్?”

“కొట్టు ముందు.”

కొట్టాను. “ఏం పేరు రాసుకోను?”

సార్ జేబులోంచి ఫోన్ తీసి గురివమ్మకిచ్చాడు. ఆమె దాన్ని నోటి ముందు, రొట్టె పట్టుకున్నట్టు పట్టుకుంది.

“అబ్బోడా, మీ అమ్మ గడపలో కూచోని నేను తల దువ్విచ్చుకునేదాన్ని. చిక్కు తీసేటప్పుడు తల తిప్పనిచ్చేది కాదు. ఎదురుగ్గా సూడు, తెల్లరాయిని సూడు అనేది. అందుకే నాకు బాగా తెలుసు. ఇదే చోటు.”

కన్ను దూరదర్శినికి ఇంకా దగ్గరగా ఆనించాను.

“రాయి పక్కన ఎర్రగా ఉండేది ఏంది? నీ తువ్వాలా?”

“నాదే పెద్దమ్మా.”

“అగపడతాండావు. మీ అమ్మ గడపలోంచి అగపడతాండావు.”

పక్కనుంచి ఓబులమ్మ గొంతు వచ్చింది. “మెడకు గాదు, తలకు కట్టుకోమను. ఎండ దెబ్బ తగుల్తాది.”

దూరదర్శినిలో కర్ర రెండుగా, మూడుగా కనపడింది. తర్వాత ఏమీ కనపడలేదు. ఫోన్ మళ్ళీ సార్ చేతికి పోయినట్టుంది.

“తుడుచుకుని ఇంకోసారి తియ్,” అన్నాడు. “ఒక్క రీడింగు రీడింగు కాదు.”

తుడుచుకుని ఇంకోసారి తీశాను. పుట్టి వెళ్ళిపోయాక కూడా కన్ను తీయలేకపోయాను. నీళ్ళ మీద ఒక వెదురు కర్ర. దాని నీడ అలకు విరిగి, మళ్ళీ అతుక్కుంటోంది. ఎప్పుడూ గట్టు మీద నిలబడి ఎటు చూడాలో తెలియక నీళ్ళన్నిటినీ చూసేవాణ్ణి. ఇప్పుడు చూడాల్సిన చోటు ఒకటే ఉంది. అది ఇంతకు ముందు కంటే దూరంగా అనిపించింది.

మధ్యాహ్నం గుట్ట కింద రాతి నీడలో కూర్చుని లెక్కలు చేశాను. మా గడప నుంచి బావికి పదిహేడు మీటర్లు. నా బొమ్మలో ఇరవై ఎనిమిది. ఇంకోసారి చేశాను. అంతే వచ్చింది.

“ఎంత తేడా?” అన్నాడు సార్.

“పదకొండు.” కాగితం ఆయన ముందు పెట్టాను. “కానీ సార్, అది నాకు ఖాయంగా తెలుసు. నలభై అడుగులు. రోజూ లెక్కపెట్టేవాణ్ణి.”

“ఎప్పుడు?”

“ఒకటో తరగతిలో...”

సార్ నా బూట్ల వైపు చూశాడు. నవ్వలేదు.

“అడుగులు సరిగ్గానే లెక్కపెట్టినావు,” అన్నాడు. “ఆ కాళ్ళు ఇవి గావు.”

నూట ఇరవై ఇళ్ళలో, ఇంకెవరినీ అడగకుండా రాసుకున్న కొలత అదొక్కటే.

గట్టు మీద ఓబులమ్మ సద్ది మూట విప్పింది. గురివమ్మ ఏమీ అడగకుండా చెయ్యి చాపింది. ఓబులమ్మ చూడకుండానే ఆ చేతిలో సంగటి ముద్ద పెట్టింది.

తర్వాతి రోజుల్లో మిగతావాళ్ళు వచ్చారు. దూరపు కాలనీ నుంచి ఒక లారీ మాట్లాడుకుని వచ్చారు. గేదెను తప్పించుకున్న తాత పుట్టిలో లేచి నిలబడబోతే ఇద్దరు పట్టుకున్నారు. నేను గుట్ట మీదే ఉన్నాను. పొద్దున్నే మూడు రాళ్ళనూ అడగడం, తర్వాత కొట్టడం. ఒక్కోసారి ఎవరో కర్ర దగ్గర చాలాసేపు ఉండిపోయేవాళ్ళు. సార్ తొందరపెట్టేవాడు కాదు. ఫోన్లో నీళ్ళ చప్పుడు వినేవాణ్ణి. చివరికి నీళ్ళ మీద ఒక ఊరు నిలబడింది, గోడలు లేకుండా, వెదురు కర్రలతో.

కొత్త నక్షలో రెండు వీధులూ ఉత్తరాన కలిశాయి. అర మీటరు తేడా వచ్చింది. దాన్ని అందరికీ పంచాం.

ఆ వారమే ఆఫీసుకు ఇవ్వడానికి విన్నపం రాశాను. నాలుగు పేజీలు. నాకు తెలిసినవన్నీ అందులో ఉన్నాయి. అభివృద్ధి ఎవరిది, మునక ఎవరిది అని అడిగాను. చరిత్ర బోనులో నిలబడాల్సిందెవరో చెప్పాను. నీళ్ళు ఊళ్ళను ముంచగలవు గానీ ప్రశ్నలను ముంచలేవు అని ముగించాను. ఆ చివరి వాక్యం చదివి నాకే ఒళ్ళు జలదరించింది.

సార్ కళ్ళద్దాలు పెట్టుకుని నాలుగు పేజీలూ చదివాడు.

“బాగుంది.”

“నిజంగానా సార్?”

“అన్నీ ఉండాయి. రాయి లేదు.”

“అంటే?”

టీ పూర్తి చేశాడు. ఈసారి చెప్పులేసుకోలేదు. లేచి, గోడ మేకుకున్న క్యాలెండరు తీసి, నాలుగు పేజీల మీద పెట్టాడు.

“పైన వానలు పడి నీళ్ళొచ్చేది ఎప్పుడు?”

“జూన్ ఆఖరుకు పెరగడం మొదలవుతుంది సార్. తర్వాత కర్రలు కనపడవు.”

ఊఁ అని ఖాళీ గ్లాసులు పట్టుకుని బయటికి పోయాడు. కుళాయి కింద వాటిని కడుగుతున్న చప్పుడు చాలాసేపు వినపడింది.

నేను నాలుగు పేజీలూ చింపేశాను. ఇంకో కాగితం తీసుకున్నాను. ఇది అందులో ఉన్నది మొత్తం:

పునరావాస అధికారి గారికి,

మా ఊరు ఎక్కడుందో కొలిచి కర్రలు పాతాం. బోడిగుట్ట మీద నిలబడి చూస్తే మీకూ కనపడతాయి. నక్ష దీనితో జత చేశాం. ఓబులమ్మ ఇంటికీ గురివమ్మ ఇంటికీ మధ్య ఒకటే గోడ. మిగతా నూట పద్దెనిమిది ఇళ్ళ వరుసా అందులో ఉంది. కొండ కింది స్థలంలో ఇదే వరుసలో మాకు ఇళ్ళిస్తారా, ఇవ్వరా? అవుననో కాదనో రాసి, సంతకం చేసి ఇవ్వండి.

జూన్ ఇరవై లోపల.